సత్కార్యం కోసం వేలంపాట: షరీఅత్ హద్దులు

నంద్యాలకు చెందిన ఒక సోదరి మాకు పెద్ద ఉత్తరం రాశారు. వారి అబ్బాయి అమెరికాలోని ఒక బిజినెస్ స్కూల్లో ఎం.బి.ఎ. మొదటి సంవత్సరం చదువుతున్నాడు. అక్కడి విద్యార్థులు ఏటా ఒక వేలంపాట జరుపుతారట. వచ్చిన సొమ్మును, జీతం ఇచ్చుకోలేని సేవాసంస్థల్లో వేసవి సెలవుల్లో పనిచేసే తోటి విద్యార్థులకు భృతిగా ఇస్తారట. ఈసారి తన వంతుగా "ఎనిమిది మందికి ఇంటి బిర్యానీ విందు" వేలానికి పెట్టాలని అబ్బాయి అనుకున్నాడు. గదిలో అతనితో ఉండే స్నేహితుడు ఒక సలహా ఇచ్చాడు. "నీ బిర్యానీ చౌకగా పోకుండా నేను చూసుకుంటాను. రెండు వందల డాలర్ల దాకా పాట పెంచుకుంటూ పోయి ఆగిపోతాను. నాకెలాగూ కొనే ఉద్దేశం లేదు. పుణ్యకార్యమే కదా, తప్పేముంది?" అన్నాడు. అబ్బాయికి మనసొప్పలేదు. "అమ్మీ, ఇది తప్పవుతుందా?" అని ఫోనులో తల్లిని అడిగాడు. తల్లి మమ్మల్ని అడిగారు.

ఆమెకు ఇంకో రెండు సందేహాలు కూడా ఉన్నాయి. ఇంట్లో తీసిపెట్టిన జకాత్ సొమ్మును ఆ వేలంలో ఖర్చు చేయవచ్చా? వచ్చే వేసవిలో తమ అబ్బాయే ఒక సేవాసంస్థలో చేరి ఆ భృతి తీసుకుంటే అది యాచన అవుతుందా? పిల్లవాడి తండ్రికి ఈ రెండో విషయం అస్సలు నచ్చలేదు. "ఇంత ఖర్చుపెట్టి చదివించింది ఒకరి ముందు చెయ్యి చాపడానికా?" అంటున్నారట.

వేలం అనగానే మన పాఠకులకు చెరువు చేపల పాట, చింతచెట్ల పాట, బ్యాంకులో విడిపించుకోలేకపోయిన బంగారం పాట గుర్తుకొస్తాయి. చిట్టీ పాట సంగతి వేరు. అందులో అమ్మేది వస్తువు కాదు, డబ్బు. దాన్ని ఈ పాఠంలో కలపడం లేదు. ఇక్కడి ప్రశ్న ఒక్కటే. దానధర్మాల కోసం జరిపే వేలంలో ఒక ముస్లిం ఎంతవరకు పాల్గొనవచ్చు?

ముందు ఆ ఆచారం ఏమిటో తెలుసుకుందాం. అమెరికాలో ఎం.బి.ఎ. రెండేళ్ళ చదువు. రెండేళ్ళ మధ్య వచ్చే వేసవిలో విద్యార్థులు ఏదో ఒక సంస్థలో తాత్కాలికంగా పనిచేస్తారు. బ్యాంకులు, పెద్ద కంపెనీలు ఆ కొద్ది వారాలకే మంచి జీతం ఇస్తాయి. అనాథల కోసం, ఆసుపత్రుల కోసం, బడుల కోసం, పర్యావరణం కోసం పనిచేసే సంస్థలు అంత ఇవ్వలేవు. కొన్ని అసలేమీ ఇవ్వలేవు. చదువు ఖర్చులు నెత్తిన ఉన్న విద్యార్థి సేవ చేయాలని ఉన్నా వెనకడుగు వేస్తాడు. ఈ చిక్కుకు విద్యార్థులే ఒక దారి కనిపెట్టారు. యేల్ విశ్వవిద్యాలయపు మేనేజ్‌మెంట్ స్కూల్లో 1979లో ఇందుకోసం ఒక నిధి మొదలైంది. మంచి జీతమున్న పని దొరికినవారు తమ సంపాదనలో కొంత ఇస్తామని మాటిస్తారు. సేవాసంస్థలకు వెళ్ళే సహాధ్యాయులకు అది చేరుతుంది. ఏటా జరిగే వేలం కూడా ఆ నిధికి ఒక ఆధారం. న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని డార్ట్‌మత్ కళాశాలకు చెందిన టక్ స్కూల్లో కూడా 'టక్ గివ్స్' పేరుతో విద్యార్థులే ఇలాంటి వేలం నడుపుతారు. ఇటువంటి వేలాల్లో ఆచార్యుల ఇంట భోజనం, ఆటల టిక్కెట్లు, ఎవరో ఒకరు నేర్పే గిటారు పాఠాలు, సెలవు ఇంట్లో రెండు రోజుల బస వంటివి అమ్మకానికి పెడతారు. సారా సీసాలు కూడా పెడతారు. వాటి సంగతి తర్వాత చూద్దాం.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) జరిపిన వేలం

వేలం వేసి అవసరంలో ఉన్నవాణ్ణి నిలబెట్టడం మన ధర్మంలో కొత్త విషయం కాదు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు అబూదావూద్, ఇబ్నెమాజాలలో ఉంది. తిర్మిజీలో దీన్నే క్లుప్తంగా చెప్పారు. అన్సార్లలో ఒకతను దైవప్రవక్త (స) వద్దకు సహాయం అడగడానికి వచ్చాడు. ఇంట్లో ఏమీ లేదా అని ఆయన అడిగారు. సగం కప్పుకుని సగం పరుచుకునే ఒక ముతక గుడ్డ, నీళ్ళు తాగే ఒక పాత్ర ఉన్నాయన్నాడు. ఆ రెండూ తెమ్మన్నారు. తెచ్చాక వాటిని స్వయంగా చేతిలోకి తీసుకుని, వీటిని ఎవరు కొంటారని అక్కడున్నవారిని అడిగారు. ఒకాయన ఒక దిర్హమ్ ఇస్తానన్నాడు. అంతకంటే ఎక్కువ ఎవరిస్తారని దైవప్రవక్త (స) రెండు మూడు సార్లు అడిగారు. మరొకాయన రెండు దిర్హమ్‌లన్నాడు. వస్తువులు అతనికిచ్చి, ఆ రెండు దిర్హమ్‌లు అన్సారీ చేతిలో పెట్టారు. ఒకదానితో ఇంటివాళ్ళకు తిండి కొనమని, రెండో దానితో గొడ్డలి కొని తన వద్దకు తెమ్మని చెప్పారు. గొడ్డలి తెచ్చాక తమ చేతులతోనే దానికి పిడి బిగించారు. వెళ్ళి కట్టెలు కొట్టి అమ్ముకొమ్మని, పదిహేను రోజుల దాకా తనకు కనిపించవద్దని పంపారు. అతను పది దిర్హమ్‌లు సంపాదించుకుని తిరిగొచ్చాడు. కొంత పెట్టి బట్టలు, కొంత పెట్టి తిండి కొనుక్కున్నాడు. ప్రళయదినాన ముఖం మీద యాచన మచ్చతో రావడం కంటే ఇది నీకెంతో మేలని దైవప్రవక్త (స) అతనితో అన్నారు.

ఈ హదీసును ఇమామ్ తిర్మిజీ (రహ్మ) హసన్ అన్నారు. దీని ఉల్లేఖకుల్లో ఒకరి విషయమై తర్వాతి పండితులు కొందరు అభ్యంతరం చెప్పారు. అయినా వేలం ధర్మసమ్మతమన్న మాట ఈ ఒక్క ఉల్లేఖనం మీదే ఆధారపడి లేదు. ఇమామ్ బుఖారీ (రహ్మ) తమ సహీహ్‌లో వేలం విక్రయం గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే పెట్టారు. యుద్ధప్రాప్తిని ఎక్కువ ధర ఇచ్చేవాడికి అమ్మడంలో ప్రజలు తప్పు చూసేవారు కాదన్న తాబయీ పండితుడు అతా బిన్ అబీ రబాహ్ (రహ్మ) మాటను అందులో చేర్చారు. ఇబ్రాహీమ్ నఖయీ (రహ్మ) వంటి ఒకరిద్దరు వేలాన్ని అయిష్టంగా చూసినా, అత్యధిక ధర్మపండితులు దీన్ని అనుమతించారు.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. తోటి సోదరుడి బేరం మీద బేరం చేయకూడదని హదీసులో ఉంది కదా, మరి వేలమంటేనే ఒకరి పాట మీద ఇంకొకరు పాడడం కదా? ధర్మవేత్తలు ఇచ్చిన జవాబు సులువైనది. నిషేధమంతా ఇద్దరి మధ్య ధర కుదిరి, అమ్మేవాడి మనసు ఒకరి వైపు మొగ్గిన తర్వాత. వేలంలో అమ్మేవాడు ఇంకా ఎవరికీ ఒప్పుకోలేదు. ఎక్కువ ఇచ్చేవారెవరని బహిరంగంగానే అడుగుతున్నాడు. సుత్తి దెబ్బ పడ్డాక మాత్రం ఆ తలుపు మూసుకుంటుంది. ఆ తర్వాత వచ్చి "నేను ఇంకో యాభై ఇస్తాను, నాకివ్వండి" అనడం ఆ హదీసు పరిధిలోకే వస్తుంది.

ఆ వేలంలో వచ్చినది రెండు దిర్హమ్‌లే. ఒకటి ఆ పూట ఆకలికి, ఇంకొకటి రేపటి పనిముట్టుకు. బిజినెస్ స్కూలు విద్యార్థులు జరిపే వేలం కూడా చివరికి ఒక యువకుడికి పని చేసుకునే వీలు కల్పించడానికే. కాబట్టి నంద్యాల సోదరి కొడుకు ఆ కార్యక్రమానికి వెళ్ళడానికి సంకోచించనక్కరలేదు. తోటి విద్యార్థుల్లో ఎక్కువమంది ముస్లిమేతరులు కదా అన్న సందేహం కూడా వద్దు. సత్కార్యాల్లో ఒకరికొకరు తోడ్పడమని, పాపకార్యాల్లో తోడ్పడవద్దని ఖుర్ఆన్ ఆదేశించింది (అల్ మాయిద: 2). మనతో ధర్మం విషయంలో పోరాడని వారి పట్ల మంచిగా, న్యాయంగా మెలగడాన్ని అల్లాహ్ వారించలేదు (అల్ ముమ్తహిన: 8). దైవప్రవక్త (స) ప్రవక్తగా నియమితులు కాకమునుపు అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట్లో, పీడితుల పక్షాన నిలుస్తామని మక్కా పెద్దలు చేసుకున్న ఒప్పందంలో పాల్గొన్నారు. ఇస్లాంలోకి వచ్చాక కూడా అలాంటి దానికి తనను పిలిస్తే వెళ్తానని అన్నారు.

కొనని పాట పాడడం

ఇక అసలు ప్రశ్న. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడానికి మాత్రమే పాట పాడడాన్ని షరీఅత్ పరిభాషలో 'నజ్ష్' అంటారు. దైవప్రవక్త (స) దీన్ని వారించారని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఆ హదీసు ఉంది. హజ్రత్ ఇబ్నె అబీ ఔఫా (రజి) అయితే ఇలాంటివాణ్ణి వడ్డీ తినేవాడితో, నమ్మకద్రోహితో పోల్చారు. మాట చాలా కఠినంగా ఉంది. ఎందుకంటే ఎదుటి మనిషి ఒక అబద్ధాన్ని నమ్మి డబ్బు తీస్తున్నాడు. ఇంకొకరు దీన్ని నిజంగా కోరుకుంటున్నారు, నూట తొంభైకి కొనడానికి సిద్ధంగా ఉన్నారు అనుకుంటేనే అతను రెండు వందలంటాడు. ఆ 'ఇంకొకరు' ఉత్తుత్తివాడని తెలిస్తే అతను అంత ఇచ్చేవాడా?

పుణ్యకార్యం కదా అంటాడు స్నేహితుడు. నిజానికి ఇక్కడే మనలో చాలామంది జారిపడతారు. సొమ్ము మంచి పనికి వెళ్తోందంటే, అది వచ్చే దారిలో చిన్న చిన్న అబద్ధాలు పర్వాలేదనుకుంటాం. మసీదు కోసం చందా వసూలు చేస్తూ "ఫలానా సేఠ్‌గారు ఐదు వేలు రాశారు, మీరూ రాయండి" అని, ఆయన రాయకుండానే చెప్పేవారిని మనం చూడలేదా? పనిలోని పుణ్యం అబద్ధాన్ని శుద్ధి చేయదు. ధర్మకార్యం కోసం జరిగే వేలం ముందుగా ఒక అమ్మకం, ఆ తర్వాతే ఒక దానం. అమ్మకానికి షరీఅత్ పెట్టిన షరతులన్నీ దానికీ వర్తిస్తాయి. దానం పేరు చెప్పి వాటిలో ఒక్కటి కూడా సడలించడానికి లేదు.

న్యాయంగా చెప్పాలంటే ఈ విషయంలో పండితుల మధ్య ఒక సూక్ష్మమైన చర్చ ఉంది. సరుకు దాని అసలు విలువకు కూడా చేరకుండా పోతుంటే, అమ్మేవాడికి నష్టం రాకుండా ఆ విలువ వరకు పెంచడాన్ని కొందరు హనఫీ ధర్మవేత్తలు తప్పు పట్టలేదు. మాలికీ పండితుల్లో ఇబ్నుల్ అరబీ అభిప్రాయమూ ఇలాంటిదే. హదీసులోని నిషేధం సాధారణమైనది, దాన్ని ఇలా కుదించరాదని మిగతావారు అన్నారు. మేము రెండో అభిప్రాయం వైపే మొగ్గుతున్నాం. పైగా మొదటి అభిప్రాయం ఇక్కడ పనికిరాదు. ఇంట్లో వండి పెట్టే బిర్యానీ విందుకు బజారు ధర ఇదని ఎవరు నిర్ణయిస్తారు? అదీగాక ఆ స్నేహితుడు అమ్మేవాడితో ముందే మాట్లాడుకుని పాడబోతున్నాడు. ఈ కుమ్మక్కు ఉన్నప్పుడు విషయం ఇంకా బరువెక్కుతుంది. మోసపోయిన కొనుగోలుదారుకు ఆ బేరాన్ని రద్దు చేసుకునే హక్కు ఉంటుందని మాలికీ, హంబలీ పండితులు అన్నారు.

అయితే స్నేహితుడికి ఒక చక్కని దారి ఉంది. ధర పెరగాలని అంత కోరిక ఉంటే, సుత్తి తన మీద పడితే నిజంగా డబ్బు కట్టి కొనుక్కుంటానన్న ఉద్దేశంతో పాడాలి. అప్పుడు అది నజ్ష్ కాదు. రెండు వందలు కట్టలేనంటే వంద దగ్గరే ఆగిపోవాలి.

బిర్యానీ పెట్టిన అబ్బాయి తానే పాట పాడవచ్చా? చౌకగా పోతుంటే తన విందును తానే కొనుక్కోవచ్చా? ఇది కూడా కూడదు. హజ్రత్ ఉమర్ (రజి) ఒక గుర్రాన్ని అల్లాహ్ మార్గంలో ఇచ్చారు. తీసుకున్నవాడు దాన్ని సరిగా చూసుకోలేదు. అది అమ్మకానికి వచ్చింది. చౌకగా ఇస్తాడనుకుని కొనాలని హజ్రత్ ఉమర్ (రజి) అనుకున్నారు. ఒక్క దిర్హమ్‌కే ఇచ్చినా కొనవద్దని, దానం చేసి మళ్ళీ వెనక్కు తీసుకోవద్దని దైవప్రవక్త (స) వారించారు (బుఖారీ). ఇచ్చిన వస్తువు మీద నుంచి మన చెయ్యి పూర్తిగా తీసేయాలి.

ఇక్కడ 2024 ఏప్రిల్‌లో కాశ్మీర్‌లో జరిగిన ఒక సంగతి ప్రస్తావించక తప్పదు. బారాముల్లా జిల్లా సోపోర్ ప్రాంతంలోని మల్పోరా గ్రామంలో మసీదు కడుతున్నారు. చందా వసూలు చేసేవారికి ఒక పేదవాడు ఒక కోడిగుడ్డు ఇచ్చాడు. మసీదువారు దాన్ని వేలం వేశారు. కొన్నవాడు డబ్బు కట్టి గుడ్డును మళ్ళీ మసీదుకే ఇచ్చాడు. అలా చేతులు మారుతూ మూడు రోజుల్లో ఆ గుడ్డు మీద 2 లక్షల రూపాయలకు పైగా వచ్చాయి. చివర కొన్న యువకుడు 70 వేలు ఇచ్చాడు. ప్రతి ఒక్కరూ నిజంగా డబ్బు కట్టారు, నిజంగా కొన్నారు, నిజంగా ఇచ్చేశారు. ఒక్క పాట కూడా ఉత్తుత్తిది కాదు. ఆ గుడ్డు ఇచ్చిన పేదవాడి ప్రతిఫలం ఎంతో అల్లాహ్‌కే తెలుసు.

ఎంత ధర, ఎంత దానం?

వేలంలో ఇరవై డాలర్ల విలువైన వస్తువును వంద డాలర్లకు కొన్నారనుకోండి. ఇది దుబారా కాదా అని ఒకరు అడగవచ్చు. వస్తువు కోసమే అంత ఇస్తే దుబారా అనే మాటకు అర్థముంది. కాని ఇక్కడ ఇరవై డాలర్లు వస్తువుకు, మిగతా ఎనభై సదఖాకు. మనసులో ఆ సంకల్పం ఉండాలి. అన్ని కర్మలూ సంకల్పాల మీదే ఆధారపడి ఉన్నాయన్న హదీసు మన పిల్లలకు కూడా కంఠస్థమే. ఆశ్చర్యం ఏమిటంటే అమెరికా ఆదాయపు పన్ను చట్టం కూడా ఇదే తేడా చూస్తుంది. ధర్మసంస్థ వేలంలో కొన్నవారికి, వస్తువు విలువ పోను పైన ఇచ్చిన సొమ్ముకు మాత్రమే దానం కింద పన్ను రాయితీకి అర్హత ఉంటుంది. వస్తువు విలువ మేరకు అది కొనుగోలే.

ఇందులోంచే జకాత్ ప్రశ్నకు జవాబు వస్తుంది. జకాత్ సొమ్ము పెట్టి వేలంలో వస్తువు కొనడం చెల్లదు. జకాత్‌కు బదులుగా మనకేమీ రాకూడదు. అది పూర్తిగా హక్కుదారుడి చేతికి వెళ్ళాలి. ఆ హక్కుదారులు ఎవరో ఎనిమిది వర్గాలుగా ఖుర్ఆన్ పేర్కొంది (అత్ తౌబ: 60). మరి పైన ఇచ్చే ఎనభై డాలర్లనైనా జకాత్ అనుకోవచ్చా అంటే అదీ కుదరదు. ఆ సొమ్ము ఉమ్మడి నిధిలోకి పోతుంది. అక్కడి నుంచి ఏ విద్యార్థికి చేరుతుందో, అతను పేదవాడో కాదో మనకు తెలియదు. సేవాసంస్థలో పనిచేస్తున్నాడు కాబట్టి ఇస్తున్నారు తప్ప పేదవాడని కాదు. కాబట్టి ఆ సోదరి ఇంట్లో తీసిపెట్టిన జకాత్ నంద్యాలలోనో మరోచోటో ఉన్న హక్కుదారులకే చేరనివ్వండి. అబ్బాయి తన జేబుఖర్చులోంచి ఐదు డాలర్లు పెట్టినా అది సదఖా అవుతుంది. సాధారణ సదఖా ముస్లిమేతరులకు కూడా ఇవ్వవచ్చు.

ఇచ్చేటప్పుడు నలుగురి ముందూ చెయ్యెత్తి పాడాలి కదా, అది ప్రదర్శన కాదా? బహిరంగంగా ఇవ్వడం మంచిదే, రహస్యంగా పేదలకు ఇవ్వడం ఇంకా మంచిదని ఖుర్ఆన్ చెబుతుంది (అల్ బఖర: 271). బహిరంగంగా ఇవ్వడం దానంతట అదే రియా కాదు. కాని వేలంలో ఒక ప్రమాదముంది. పక్కవాడు నూట యాభై అన్నాడు కాబట్టి పౌరుషానికి పోయి రెండు వందలనడం మొదలవుతుంది. ఆ నిమిషంలో మనసు ఎవరి కోసం పరుగెడుతోందో ఎవరికి వారే చూసుకోవాలి. చూపుల కోసం చేసిన దానాన్ని, మీద కాస్త మట్టి ఉన్న నున్నటి బండతో అల్లాహ్ పోల్చాడు (అల్ బఖర: 264). పెద్ద వాన పడితే మట్టి కొట్టుకుపోయి ఒట్టి బండే మిగులుతుంది. పాట మొదలుకాక ముందే ఇంతవరకే అని ఒక మొత్తం అనుకుని వెళ్ళడం మంచి అలవాటు. కొందరు కాగితం మీద ధర రాసి ఉంచే మౌన వేలాన్ని ఎంచుకుంటారు. అందులో ఈ బాధ కొంత తక్కువ.

అమ్మకానికి పెట్టే వస్తువు విషయంలో కూడా ఒక మాట. ఇంట్లో పనికిరాని చెత్తనంతా వేలానికి తోసేయడం కొందరికి అలవాటు. మీరే అయితే కళ్ళు మూసుకుని తప్ప తీసుకోని నాసిరకాన్ని దానానికి ఎంచుకోవద్దని అల్లాహ్ హెచ్చరించాడు (అల్ బఖర: 267). అబ్బాయి బిర్యానీ ఇస్తున్నాడు. చేయి తిరిగిన తల్లి దగ్గర నేర్చుకున్నదయితే అది ఈ షరతుకు తప్పక నిలుస్తుంది.

సారా సీసాలు, సారా రుచి చూపించే విందులు వేలంలో ఉంటే వాటి మీద పాడకూడదు, వాటిని వేలం వేసే పని కూడా చేయకూడదు. వాటి పక్కనే వేరే వస్తువులు ఉన్నాయని మొత్తం కార్యక్రమం నిషిద్ధం కాదు. నిర్వహించే బాధ్యత ఇస్తే ఆ వస్తువుల పని తనకు వద్దని ముందే చెప్పాలి. ఇక లాటరీ చీట్లు. వేలం పక్కనే ఐదు డాలర్ల చీటీ కొంటే పెద్ద బహుమతి వస్తుందని అమ్ముతుంటారు. చీటీ తగలనివాడి డబ్బు పోతుంది, తగిలినవాడికి అందరి డబ్బూ వస్తుంది. ఇది జూదం (అల్ మాయిద: 90). దాని లాభం సేవాసంస్థకు వెళ్ళినా అది జూదమే. వేలంలో ఓడినవాడి డబ్బు పోదు, అదే రెండింటికీ తేడా. పాట పాడిన ప్రతిసారీ తిరిగిరాని రుసుము వసూలు చేసే వేలాలు కూడా కొన్ని వచ్చాయి. అవి వేలం పేరుతో జరిగే జూదాలే. 1993 జూన్‌లో బ్రూనైలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖహ్ అకాడమీ వేలం గురించి ఒక తీర్మానం చేసింది. పాటదారుల నుంచి ధరావతు తీసుకోవచ్చు, కాని పాట దక్కనివారికి దాన్ని తిరిగి ఇచ్చేయాలి. దక్కినవారికి ధరలో కలపాలి. షరతుల పుస్తకానికి దాని అసలు ఖర్చు మేరకు రుసుము తీసుకోవచ్చు. నజ్ష్ నిషిద్ధమని కూడా ఆ తీర్మానంలో ఉంది.

సొమ్ము ఎక్కడి నుంచి, ఎక్కడికి?

అల్లాహ్ పరిశుద్ధుడు, పరిశుద్ధమైనదాన్నే స్వీకరిస్తాడని హదీసు (ముస్లిం). దానం ఇచ్చిన చేతిని చూడడంతో పాటు అది వచ్చిన దారిని కూడా చూడాలి. పైన చెప్పిన యేల్ విశ్వవిద్యాలయం కథ ఇక్కడ గమనించదగ్గది, ఎందుకంటే అది మన మద్రాసు దగ్గరే మొదలవుతుంది. ఎలిహు యేల్ 1687 నుంచి 1692 వరకు మద్రాసులోని సెయింట్ జార్జ్ కోటకు ఈస్టిండియా కంపెనీ గవర్నరు. కంపెనీని కాదని సొంత వ్యాపారంతో డబ్బు కూడబెట్టాడన్న ఆరోపణల మధ్య ఆ పదవి పోయింది. 1718లో ఆయన అమెరికాలోని ఒక చిన్న కళాశాలకు తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు, ఇంగ్లండు రాజు చిత్రపటం పంపాడు. సరుకు అమ్మితే 560 పౌండ్లకు పైగా వచ్చింది. ఆ కృతజ్ఞతతోనే కళాశాలకు ఆయన పేరు పెట్టారు. మూడు వందల ఏళ్ళు గడిచాక, 2024 ఫిబ్రవరిలో, బానిసత్వంతో తమ సంస్థకున్న పాత సంబంధాలకు ఆ విశ్వవిద్యాలయం అధికారికంగా క్షమాపణ చెప్పుకుంది. ఇచ్చినవాడి లెక్క ఇచ్చినంత మాత్రాన తీరిపోదు. ఇప్పుడు అక్కడ చదివే పిల్లలకు ఆ పాపంతో సంబంధం లేదు. ఒకరి బరువు ఇంకొకరు మోయరు.

అలాగే సొమ్ము ఎక్కడికి పోతుందో కూడా చూడాలి. సేవాసంస్థ అన్న పేరు చూసి మోసపోకూడదు. బిజినెస్ చదివే పిల్లలను బాగా ఆకర్షించే రంగాల్లో సూక్ష్మ రుణాలది ఒకటి. లాభాపేక్ష లేకపోయినా వడ్డీ ఉంటుంది. ఆ అప్పులు పేద ఇళ్ళను ఏం చేశాయో తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటిని అదుపు చేయడానికి ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అబ్బాయి వేసవి పనికి సంస్థను ఎంచుకునేటప్పుడు వడ్డీ వ్యవహారం లేనిదాన్ని చూసుకోవాలి. ఆసుపత్రులు, బడులు, తాగునీరు, ఆహార పంపిణీ వంటి రంగాలకు కొదవ లేదు.

చివరగా ఆ తండ్రి అభ్యంతరం. ఆయన మనసులోని గౌరవభావం మంచిదే. పై చెయ్యి కింది చెయ్యి కంటే మేలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. కాని పని చేసి తీసుకునే భృతి యాచన కాదు. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్నప్పుడు అబ్దుల్లా బిన్ సఅదీ (రజి)ని జకాత్ వసూలు పనికి నియమించారు. పని ముగిశాక వేతనం ఇవ్వబోతే, తాను అల్లాహ్ కోసం చేశానని, తన ప్రతిఫలం అల్లాహ్ వద్దే ఉందని ఆయన తీసుకోలేదు. అప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) తమ సంగతి చెప్పారు. దైవప్రవక్త (స) కాలంలో తామూ ఇలాంటి పని చేశామని, తామూ ఇలాగే అన్నామని, అప్పుడు ఆయన, అడగకుండా వచ్చినదాన్ని తీసుకో, తిను, దానం చెయ్యి అని అర్థం వచ్చేలా సెలవిచ్చారని చెప్పారు (ముస్లిం). ప్రజల పని అల్లాహ్ కోసం చేసినవాడు కూడా దానికి వేతనం తీసుకోవచ్చని ధర్మవేత్తలు ఈ హదీసు నుంచి గ్రహించారు. అన్సారీ సోదరుడికి కూడా దైవప్రవక్త (స) ఊరికే డబ్బు ఇవ్వలేదు. గొడ్డలి ఇప్పించి పనికి పంపారు.

అయితే ఒక షరతు. అబ్బాయి ఆ భృతికి దరఖాస్తు పెట్టేటప్పుడు తన పరిస్థితిని ఉన్నదున్నట్టు రాయాలి. ఇంట్లో ఉన్నది లేదని రాయకూడదు. సంస్థ జీతం ఇస్తుంటే ఆ సంగతి దాచకూడదు. తనకు అవసరం లేదనిపిస్తే తనకంటే అవసరమైన సహాధ్యాయికి వదిలేయవచ్చు, అది ఆయన ఔదార్యం. తర్వాతి ఏడు మంచి జీతం దొరికి, ఆ నిధికి ఇంత ఇస్తానని మాటిస్తే మాత్రం అది తీర్చే దాకా మెడ మీద ఉంటుంది. ఒప్పందాల గురించి ప్రశ్నించడం జరుగుతుంది (బనీ ఇస్రాయీల్: 34).

బిర్యానీ విందును వేలం జాబితాలో రాసేటప్పుడు అబ్బాయి కొన్ని విషయాలు స్పష్టంగా రాయాలి. ఎంతమందికి, ఏ నెలలోపు, ఎక్కడ, ఏమేమి వడ్డిస్తాడు అన్నది తెలియాలి. తెలియనిదాన్ని అమ్మడం గరర్ కిందికి వస్తుంది. మాంసం హలాల్‌దని, బల్ల మీద సారా ఉండదని కూడా ముందే రాస్తే కొన్నవారికీ ఇతనికీ తర్వాత ఇబ్బంది ఉండదు. పాట ఇరవై డాలర్లకే ముగిసినా, రెండు వందలకు ముగిసినా వంటలో తేడా రాకూడదు. పరీక్షలు వచ్చాయని, మాంసం ధర పెరిగిందని వాయిదా వేయడానికి లేదు. చెప్పిన రోజున ఎనిమిదో అతిథి కూడా తిని లేచిన తర్వాతే ఆ అమ్మకం పూర్తయినట్టు.